తొంభై రోజుల దొర

లాండ్రీలో ఆమెను ఎదురుగా ఎవరూ చిటపటమ్మ అనరు. వెనకాల మాత్రం అందరూ అంటారు, సొంత అన్నతో సహా. ముప్పై ఏళ్ళుగా షాపు వెనక గదిలో, బాయిలరు పక్కన నిలబడి ఇస్త్రీ చేస్తున్న మనిషి ఆమె. కాలరు దగ్గర మొదలుపెట్టి కఫ్‌ల దగ్గర ముగించేలోపు ఎవరో ఒకరిని తిట్టకపోతే ఆ చొక్కా పూర్తయినట్టే ఉండదు ఆమెకి. జేబులో పెన్ను మరిచిపోయినవాణ్ణి తిడుతుంది. జేబులు వెతక్కుండా బట్టలు లోపలికి పంపిన వదినను తిడుతుంది. కోపానికి కారణం వెతుక్కోవలసిన అవసరం ఆమెకి ఎప్పుడూ రాలేదు. కారణాలే మూటలు కట్టుకుని కౌంటరు మీదుగా లోపలికి వచ్చేవి.

ఇరవై రెండో ఏట ఆమెకి పెళ్ళయింది. పదకొండు నెలల్లో ఆ కాపురం ముగిసింది. తిరిగొచ్చిన రోజు పుట్టింటి గుమ్మంలోనే అన్న ఏదో అడగబోతే ఒంటికాలి మీద లేచి, నన్నేమీ అడగొద్దని అరిచింది. ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి పడిపోయింది. ఆమె గొంతు లేవగానే అన్న షాపు ముందు భాగంలోకి పోతాడు, వదిన మేడ మెట్లెక్కుతుంది. అరుపు చల్లారాక మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళు పడతారు. దీన్ని వాళ్ళంతా సర్దుకుపోవడం అనుకున్నారు. నన్నడిగితే అది పిరికితనం, పైగా తేలికైన పిరికితనం.

ఆ లాండ్రీకి ఒక రూలుంది. స్లిప్పు వెనక అచ్చు వేసే ఉంటుంది: తొంభై రోజుల్లో తీసుకువెళ్ళని వస్తువు షాపుదే. అలా మిగిలిపోయిన కోట్లు, కర్టెన్లు, ఒకసారైతే ఒక పెళ్ళి గౌను కూడా, అన్న ఎవరికో ఒకరికి ఇచ్చేసేవాడు. ఆ లెక్కలోనే పక్క బిల్డింగులో అద్దెకుండే ఇన్సూరెన్సు ఏజెంటు ఒక రోజు మూడు చొక్కాలు తెచ్చాడు. వెనకాలే ఇద్దరు కూలీలు దుప్పటి కప్పిన పొడుగాటి పెట్టె ఒకటి మోసుకొచ్చారు. "ఇదీ ఉంచండి సార్, రెండ్రోజుల్లో తీసుకెళ్తా" అన్నాడు. అన్న దుప్పటి ఎత్తి చూడలేదు. అలవాటుకొద్దీ దాని అంచుకి టోకెను పిన్ను గుచ్చి, స్లిప్పు మీద 'చొక్కాలు మూడు, పెట్టె ఒకటి' అని రాసి ఇచ్చాడు.

దుప్పటి మాసి ఉంది. మాసిన గుడ్డ కంటపడితే వదిన చెయ్యి ఆగదు. సాయంత్రానికల్లా దాన్ని లాగి మిషన్లో పడెయ్యబోయింది, ఆ తర్వాత ఆమె వేసిన కేక వీధి చివర టైర్ల షాపు దాకా వినిపించింది. గాజు పెట్టెలో రెండు మూరల పొడుగున, వీపు నిండా ముళ్ళతో, గడ్డం కింద సంచిలా వేలాడే చర్మంతో ఒక ఆకుపచ్చ జీవం కూర్చుని ఉంది.

"తొండ! ఇంత తొండ!" అని వదిన గోడకి అతుక్కుపోయింది.

చిటపటమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వచ్చింది. అది ఆమె వైపు నోరు తెరిచి బుస్సుమంది. ఆమె కూడా ఊరుకోలేదు, "ఎవరి మీదరా నీ బుసలు?" అని గాజు దగ్గరికి వెళ్ళి మరీ అరిచింది. అది కదల్లేదు. తల ఎత్తి, ఆమె తనకి బాకీ ఉన్నట్టు అలాగే చూసింది. తాను అరిచినా పారిపోని ప్రాణి ఒకటి ఇంట్లోకి వచ్చిందని ఆమెకి లోపల ఎక్కడో నచ్చింది. నాలుగు వైపులా గాజుంటే అది మాత్రం ఎటు పారిపోతుందన్న ఆలోచన ఆమెకి రాలేదు, మనమూ గుర్తు చెయ్యొద్దు. దానికి దొర అని పేరు పెట్టింది ఆమే. అది పరాయి దేశపు బల్లి అని ఒక కస్టమరు పేరుతో సహా చెప్పాక, ఎవరైనా తొండ అంటే మాత్రం "తొండ కాదు, ఇగువానా" అని కసిరేది.

ఏజెంటు రాలేదు. ఫోను మోగలేదు. నెల తిరిగేసరికి అతని గది ఖాళీ అయిందని తెలిసింది. నోరులేని జీవాన్ని మాసిన చొక్కాలతోపాటు పడేసిపోయినవాణ్ణి తలుచుకుని ఆమె రోజూ పళ్ళు నూరేది. ఆ మూడు చొక్కాల్నీ మాత్రం ముడత లేకుండా ఇస్త్రీ చేసి పెట్టింది, పని పనే కాబట్టి.

ఈలోగా అన్న బేరం కుదుర్చుకొచ్చాడు. పార్కు గేటు దగ్గర చిలకల్నీ కొండచిలువనీ జనం భుజాల మీద వేసి ఫోటోలు తీసేవాడొకడున్నాడు. తొంభయ్యో రోజున వచ్చి తీసుకుపోతానన్నాడట.

"వాడా? మూతికి రబ్బరుబ్యాండు వేసి తిప్పుతాడు, చూశాను నేను! దొర నాతోనే ఉంటాడు" అంది ఆమె.

"ముట్టుకోనివ్వని దాన్ని ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తాం? ఎవరి కన్నో పొడిస్తే?" అన్నాడు అన్న. ఆమె గొంతు లేవడం గమనించి అప్పుడే ఒక అడుగు గుమ్మం వైపు వేశాడు. "సరే, ఒక మాట. తొంభయ్యో రోజుకి దాన్ని చేత్తో ఎత్తి చూపించు, ఎవరికీ గాటు పడకుండా. నీదే. లేదంటే వాడిది."

ముప్పై ఏళ్ళలో ఆ ఇంట్లో ఆమె ఇది నాది అని పట్టుపట్టింది ఏదీ లేదు. కట్టుకునే బట్టలు కూడా సగం ఎవరో వదిలేసినవే. అందుకే ఆ మాటని ఆమె పట్టుకుంది. అప్పటికి ముప్పై మూడు రోజులు గడిచాయి.

వారానికోసారి తెల్లకోట్లు ఉతుక్కి వేయడానికి వచ్చే పశువుల డాక్టరమ్మని ఆ వారం కౌంటరు దగ్గరే ఆపేసింది. డాక్టరమ్మకి ఆమె అంటే కాస్త భయం. చేతుల నిండా పిల్లి గోళ్ళ చిరుగులతో కోట్లు తెస్తుందని ప్రతిసారీ చివాట్లు పడుతూ ఉంటుంది మరి. ఈసారి చివాట్లు లేకపోయేసరికి ముందు తెల్లబోయి, తర్వాత వెనక గదిలోకి వచ్చి దొరని పరీక్షగా చూసింది.

"మీ బాయిలరు వేడే దీన్ని కాపాడింది. లేకపోతే ఈపాటికి పోయేది" అంది. "మీదనుంచి ఎప్పుడూ చెయ్యి పెట్టకండి. పైనుంచి వచ్చేదేదైనా దీనికి గద్దే. పక్కనుంచి, కనపడేలా, నెమ్మదిగా. ఎత్తేటప్పుడు పొట్ట కింద అరచెయ్యి, నాలుగు కాళ్ళకీ ఆనిక ఉండాలి. తోక మాత్రం పట్టుకోవద్దు, ఊడి చేతికొస్తుంది. పొడుగు చేతుల చొక్కా, మందపాటి గ్లౌజులు వేసుకోండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి."

"ఇవాళే ఎత్తొచ్చా?"

"కొన్ని వారాలు అసలు ముట్టుకోనే వద్దు. రోజూ ఒకే టైముకి ఊరికే పక్కన కూర్చోండి. మీరు తొడుక్కున్న చొక్కా ఒకటి ఉతక్కుండా పెట్టెలో ఉంచండి. ముందు మీ వాసన అలవాటవ్వాలి."

"ఉతక్కుండానా? లాండ్రీలోనా?" అంది కౌంటరు దగ్గర్నుంచి వింటున్న వదిన.

"ఇంకొకటి" అంది డాక్టరమ్మ. "ఎత్తాక అది కొట్టుకుంటుంది. భయపడి వదిలేశారనుకోండి, కొట్టుకుంటే వదిలేస్తారని నేర్చుకుంటుంది. ఇక ఎప్పుడూ అంతే. నలపకూడదు, వదలకూడదు. అది నెమ్మదించాక మీరే కింద పెట్టాలి."

చిటపటమ్మ ఆ మాటల్ని తు.చ. తప్పకుండా పాటించింది. పని మీద ఉన్నంతసేపూ మీద తొడుక్కునే అన్న పాత చొక్కాని పెట్టెలో, కొమ్మ పక్కన పడేసింది. రోజూ మధ్యాహ్నం రెండున్నరకి, బాయిలరు ఆపే అరగంటసేపు, స్టూలు వేసుకుని కూర్చునేది. ఆకులు, గుమ్మడి తురుము పెట్టేది. తిట్టడం ఎలాగూ మానలేదు కానీ గొంతు తగ్గించి, కౌంటరు నుంచి వచ్చిన ప్రతి మరకనీ దొరకి వివరించేది. పక్కనుంచి, కనపడేలా చెయ్యి చాపేది. ఎన్ని రోజులైనా దొర అదే దొర. మూత తియ్యగానే గడ్డం కింద సంచి విప్పి తల ఆడించేవాడు, మూల నుంచి మూలకి పడి కొట్టుకునేవాడు. ఉదయాలు మరీ అన్యాయం. గాజుకి ముక్కు గుద్దుకుని రక్తం కూడా వచ్చేది.

అరవై ఎనిమిదో రోజున తోకతో ఆమె చెంప మీద ఛెళ్ళున కొట్టాడు. కన్ను వెంట్రుకవాసిలో తప్పింది. ఆమె చెంప పట్టుకుని నేల మీద కూలబడింది. ఏడుపు కంటే ముందు ఒళ్ళు మండింది. ఇన్ని రోజులు ఇంత ఓర్పుగా ఆమె ఎవరి దగ్గరా ఉండలేదు, అదీ కోపం. ఆ ఎత్తులో కూర్చునేసరికి పెట్టెలోని చొక్కా సరిగ్గా కంటికెదురుగా వచ్చింది.

చొక్కా మడత పెట్టి ఉంది. చేతులు రెండూ లోపలికి తిప్పి, కాలరు పైకి వచ్చేలా.

ఆ మడత ఆమెది కాదు. లాండ్రీలో ఎవరి మడత ఎవరిదో ఆమెకి చేతిరాతలా తెలుసు. మూత పక్కకి జరిపి వంగి వాసన చూసింది. సబ్బు, దాని మీద మల్లెపూల సెంటు.

"వదినా!"

వదిన వచ్చింది. అడగకముందే విషయం అర్థమై, మొహం పాలిపోయింది. "అలా మాసిపోయి కనపడుతుంటే... కస్టమర్లు లోపలికి తొంగి చూస్తారు కదా. చెయ్యి ఆగలేదు అమ్మాయ్. రోజూ పొద్దున్నే నువ్వు లేవకముందే తీసి ఉతికి పెట్టేస్తున్నా."

"రోజూనా? ఎలా తీశావు? నీకది భయం కదా!"

వదిన గోడ వైపు చూసింది. పై కడ్డీల మీంచి హ్యాంగర్లు దించే కొక్కెం కర్ర ఉంది అక్కడ, ఆరడుగుల పొడుగు. దాన్ని పైనుంచి పెట్టెలోకి దించి, చొక్కాని గాలం వేసినట్టు లాగేది, ఆరాక మళ్ళీ దానితోనే దించేది. నెల రోజులకి పైగా. ఆమె రెండున్నరకి కట్టినదాన్ని వదిన ప్రతి పొద్దునా కూలగొడుతూ వచ్చిందన్నమాట.

చిటపటమ్మ వదినను ఉతికి ఆరేసింది. ఆ షాపులో ఏ బట్టకీ అంత ఉతుకు పడి ఉండదు. వదిన ఆ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి మొన్నటి పగిలిన గ్లాసు దాకా ఏదీ వదల్లేదు. అన్న గుట్టుచప్పుడు కాకుండా షాపు ముందుకి జారుకున్నాడు. వదిన మామూలుగా మేడ మెట్ల దాకా వెళ్ళింది, మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. వెనక్కి వచ్చి, ఖాళీగా ఉన్న స్టూలు మీద కూర్చుంది.

"ఏంటి కూర్చున్నావు? పో!"

"పోను. అరుచుకో. అయిపోయాక మాట్లాడుకుందాం."

"ఎందుకు పోవు?"

"డాక్టరమ్మ చెప్పింది నేనూ విన్నాను కదా. కొట్టుకుంటుంటే వదిలెయ్యకూడదట."

"అంటే నేను తొండనా?"

"తొండ కాదు, ఇగువానా అని నువ్వే కదా అంటావు" అంది వదిన.

చిటపటమ్మకి ఇంకా తిట్టాలనే ఉంది, నోరు తెరిచింది కూడా. ఎదుటి మనిషి కదలకపోతే తిట్టు ఎక్కడ ఆనుతుందో ఆమెకి ఇన్నేళ్ళలో తెలియలేదు. బాయిలరు వైపు చూస్తూ అంది.

"ఆ ఇంట్లో నన్ను స్టోరు గదిలో పెట్టి తాళం వేసేవాళ్ళు వదినా. అన్నం కూడా కిటికీ చువ్వల్లోంచే తోసేవాళ్ళు."

వదినకి ఏ ఇల్లో అడగాల్సిన పని లేకపోయింది. "ఎన్నాళ్ళు?" అంది.

"లెక్కపెట్టలేదు."

"నువ్వొచ్చిన రోజు నేను మెట్లెక్కి పోయాను" అంది వదిన. "ఆ మాట ఆ రోజే అడిగి ఉండాల్సింది." ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. రెండున్నర దాటి మూడున్నర అయింది. బాయిలరు వెలిగించనే లేదు, సాయంత్రం ఇవ్వాల్సిన బట్టలు ఇవ్వలేదు, కౌంటరు దగ్గర అన్న తిట్లు తిన్నాడు. ఆ మాత్రం తినాలి.

కొక్కెం కర్ర షాపు ముందుకి మారింది. చొక్కా మాస్తూ మాస్తూ నల్లబడింది. దాన్ని చూడకుండా వదిన మొహం తిప్పుకుని నడిచేది. డెబ్బై ఆరో రోజున దొర ఆమె వేళ్ళ మధ్య నుంచి ఆకు లాక్కున్నాడు. ఎనభై ఒకటిన పొట్ట కింద అరచెయ్యి పెట్టనిచ్చాడు. ఎనభై ఆరున అంగుళం ఎత్తింది. కొట్టుకున్నాడు, ఆమె గట్టిగా నొక్కలేదు, వదల్లేదు. వాడు ఆగాకే దించింది. చేతులు కడుక్కుంటూ నీళ్ళ చప్పుడులో ఏడ్చింది.

తొంభయ్యో రోజున ఫోటోల అతను పదకొండింటికే వచ్చాడు. చేతిలో గోనెసంచి, జేబులో రబ్బరుబ్యాండ్లు. అన్న అతన్ని వెంటబెట్టుకుని వెనక గదిలోకి తెచ్చాడు.

"రెండున్నరకి రమ్మను" అంది చిటపటమ్మ. "దొరకి ఆ టైము అలవాటు. అప్పుడు ఎత్తి చూపిస్తా."

"తొండకి టైములేంటమ్మా?" అని నవ్వి, అతను మూత పక్కకి నెట్టి పైనుంచి చెయ్యి దించాడు.

"పైనుంచి వద్దు! అన్నయ్యా, ఆపు వాణ్ణి!"

అన్న అతనికి రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఆమెకీ పెట్టెకీ మధ్య ఇస్త్రీబల్ల అడ్డంగా ఉంది. అన్న ఒకసారి చెల్లెలి వైపు, ఒకసారి అతని వైపు చూశాడు, అంతే. దొర తోక విసిరాడు. అతను బూతు తిట్టి ఆ తోకనే గుప్పిట పట్టి లాగాడు. ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. సగం తోక అతని చేతిలో ఉండిపోయింది. అతను దాన్ని విదిలించి పారేస్తే, అది నేల మీద పడి ఒంటరిగా కొట్టుకుంది. దొర పెట్టెలోంచి దూకి బాయిలరు గొట్టాల వెనక్కి దూరాడు.

"తోక లేనిదాన్ని ఎవడు భుజానేసుకుంటాడు? నాకొద్దు" అని ఫోటోల అతను గోనెసంచి మడుచుకుని వెళ్ళిపోయాడు.

గొట్టాలు కాలిపోతున్నాయి. ఆమె ఒక్క ఉదుటున బాయిలరు ఆపి, నేల మీద బోర్లా పడుకుని, గ్లౌజుల కోసం వెతికే తీరిక లేక ఒట్టి చేతిని గోడవారగా పోనిచ్చింది. పక్కనుంచి, కనపడేలా. పొట్ట కింద అరచెయ్యి ఆన్చి ఇవతలికి తెచ్చింది. దొర పిచ్చెక్కినట్టు కొట్టుకున్నాడు. గోళ్ళు మోచేతి దాకా దిగాయి.

"రక్తం! వదిలెయ్ అమ్మా, వదిలెయ్!" అని అన్న గోలపెట్టాడు.

ఆమె వదల్లేదు. అరవలేదు కూడా. లోపల ఉడికిపోతోంది, ఏజెంటు మీద, ఫోటోల వాడి మీద, అన్న మీద, వెనక్కి వెళ్ళి ఆ స్టోరు గది తలుపు దాకా అందరి మీదా. అయినా చేతులు మాత్రం మెత్తగా ఉంచింది. ఎంతసేపైందో తెలియదు, చివరికి వాడి నాలుగు కాళ్ళూ ఆమె ముంజేతి మీద ఆనాయి.

అన్న నుదురు తుడుచుకున్నాడు. "సరే, ఎత్తావుగా. మాటంటే మాటే. ఇక నీదే."

ఆమె లేచి నిలబడింది. గొంతు పెంచలేదు, అందుకే అన్నకి భయం వేసింది.

"నాది కావడానికి వీడి తోక పోవాలా? రెండడుగుల దూరంలో ఉన్నావు. చెయ్యి పట్టుకుని ఆపితే అయిపోయేది. నిలబడి చూశావు అన్నయ్యా. నేనొచ్చిన రోజు నుంచి నువ్వు చేసింది అదే, నిలబడి చూడటం, తర్వాత జారుకోవడం."

అన్న మామూలుగానే షాపు ముందు వైపు తిరిగాడు. గుమ్మంలో వదిన నిలబడి ఉంది.

"ఎక్కడికి? అమ్మాయి ఇంకా మాట్లాడుతోంది" అంది.

అన్న ఆగాడు. ఆమె మాట్లాడింది. స్టోరు గది గురించి కూడా చెప్పింది, చువ్వల సంగతితో సహా, ఇస్త్రీ చేసినంత వరసగా. అన్న గోడకి ఆనుకుని విన్నాడు. మధ్యలో కూర్చోవాలనిపించినా కూర్చోలేదు. అంతా అయ్యాక వ్యాను తాళాలు తీసుకుని, "డాక్టరమ్మ దగ్గరికి పోదాం పద" అన్నాడు. క్షమించమని అతను అడగలేదు, ఆమె క్షమించనూ లేదు.

ఆస్పత్రి బల్ల మీద డాక్టరమ్మ గాయం కడిగి మందు రాసింది. ఆమె చేతుల గాట్లు కూడా సబ్బుతో కడిగించి, ఇంజక్షను తప్పకుండా చేయించుకోమంది. తోక మళ్ళీ వస్తుందట, కాకపోతే నల్లగా, పొట్టిగా. దొర ఆమె అరచేతుల్లోనే ఉన్నాడు. వాడు ఆమె వైపున్న కన్ను ఒక్కటీ మూసుకున్నాడు.

"నిద్రొస్తోందా వీడికి?" అంది ఆమె, ఆశగా.

"లేదండీ" అంది డాక్టరమ్మ, చెప్పాలా వద్దా అన్నట్టు. "మీవైపు కన్ను మూశాడంటే మిమ్మల్ని చూడ్డం ఇష్టం లేదని. పొమ్మంటున్నాడు. ఈ కోపం చాన్నాళ్ళు ఉండొచ్చు."

"ఉండనివ్వండి" అంది చిటపటమ్మ, చేతులు కదపకుండా. "నాకేం తొందర లేదు."